ఉయ్యాల గదిలో మోత

తెర మీద కనిపిస్తున్న బిడ్డ పొట్ట, ఉండవలసినదానికన్నా నెల రోజులు ముందుకు పెరిగిపోయి ఉంది.

డాక్టర్ కిరణ్మయి చేతిలోని పరికరాన్ని హరిణి కడుపు మీద మళ్ళీ జరిపింది. మళ్ళీ కొలిచింది. తల ఎనిమిదో నెలకు తగ్గట్టే ఉంది. తొడ ఎముక తగ్గట్టే ఉంది. పొట్ట ఒక్కటే, మిగతా ఒంటితో సంబంధం లేనట్టు తన దారిన తాను ఉబ్బుతోంది. మొదటిసారి చెయ్యి జారిందనుకోవచ్చు. ఎన్నిసార్లు కొలిచినా అదే వచ్చేసరికి ఆవిడ తెర వైపు చూడటం మానేసి హరిణి ముఖంలోకి చూసింది.

"ఏం తింటున్నావు హరిణీ?"

"మీరు చెప్పిందే డాక్టర్. పొద్దున రాగి దోసె, మధ్యాహ్నం చిన్న రాగిముద్ద, ఆకుకూర. అన్నం మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

"చాటుగా?"

హరిణి నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ సరదాకి అడగలేదు.

"నా సంగతి తెలిసే అడుగుతున్నారా?" అంది.

కిరణ్మయికి తెలుసు. రెండేళ్ళ కిందట వేరే ఆస్పత్రిలో, నెలలు నిండుతుండగా, హరిణి మొదటి బిడ్డ కదలడం మానేసింది. చల్లబడ్డ పాపను చేతుల్లో పెట్టినప్పుడు హరిణి ముందు గమనించింది బుగ్గలు. నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. మెడ కింద మడతలు. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు గీతలు. చూడవచ్చినవాళ్ళంతా మూడోనెల పిల్లలా ఉందన్నారు. అంత పుష్టిగా ఉన్న బిడ్డ ఎట్లా పోయిందని ఒకరినొకరు అడుక్కున్నారు. ఆ పుష్టే పాపను తినేసిందని, కడుపుతో ఉన్నప్పుడు వచ్చిన చక్కెర జబ్బును ఎవరూ కనిపెట్టలేదని, తరువాతెప్పుడో తెలిసింది.

అందుకే ఈసారి మూడో నెలలోనే పరీక్షలు చేయించుకున్నారు. చక్కెర మళ్ళీ వచ్చింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. హరిణి భుజం వెనక రూపాయి బిళ్ళంత సెన్సర్ అతికించారు. నెత్తుటిలో చక్కెర ఎంతుందో అది ఎప్పటికప్పుడు ఫోన్‌కు చెబుతుంది. ఆ ఏర్పాట్లన్నీ చూసుకున్నది భర్త అచ్యుత్. వైట్‌ఫీల్డ్‌లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం అతనిది. సెన్సర్‌తో వచ్చిన యాప్ గజిబిజిగా ఉందని, భార్యకు తేలిగ్గా అర్థమయ్యేలా మరొకటి తనే రాసిచ్చాడు. అందులో అంకె, పక్కన ఒక చిన్న ఆకు. అంతా బాగుంటే ఆకు పచ్చగా ఉంటుంది. వారానికోసారి గీతల పటం డాక్టర్‌కు దానంతటదే వెళ్ళిపోతుంది.

చక్కెర పెరిగితే పసుపు రంగుకు తిరగాల్సిన ఆ ఆకు, అట్లా తిరగక చాలా కాలమైంది.

నర్సు హరిణి వేలు గుచ్చి చుక్క రక్తం తీసింది. తొంభై ఎనిమిది. హరిణి తన ఫోన్ చూపించింది. తొంభై ఏడు.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు గదా, బాగానే ఉంటుంది" అంది కిరణ్మయి. కంప్యూటర్లో పాత పటాలు తిప్పి చూసింది. "తిన్నాక కూడా బాగానే ఉంటోంది. నూటముప్పై, నూటముప్పై ఆరు... నా దగ్గరికొచ్చే వాళ్ళెవరికీ ఇంత బాగా ఉండవు."

"మరి బిడ్డ ఎందుకిట్లా పెరుగుతోంది?"

"అదే నాకూ కావాలి." ఆవిడ కుర్చీ దగ్గరగా లాక్కుంది. "విను. తల్లి నెత్తుట్లో చక్కెర మావి దాటి బిడ్డకు వెళ్తుంది. తల్లి తీసుకునే ఇన్సులిన్ వెళ్ళదు. అంత తీపి వచ్చి మీద పడితే బిడ్డ ఏం చేస్తుంది? తన ఇన్సులిన్ తనే దండిగా తయారుచేసుకుంటుంది. అది ఉన్నచోట కొవ్వు పడుతుంది. పొట్ట చుట్టూ, భుజాల చుట్టూ. తల మామూలుగానే ఉంటుంది, భుజాలు కాన్పులో ఇరుక్కుంటాయి. అంతవరకూ వస్తే. కొందరు అంతవరకూ రారు."

ఎవరి గురించి అంటోందో హరిణికి అర్థమైంది.

"నీ ఫోన్ ఒకటి చెబుతోంది, నీ బిడ్డ ఒకటి చెబుతోంది. నేను బిడ్డనే నమ్ముతాను. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షకు రాస్తున్నాను, అది రేపు సాయంత్రానికి వస్తుంది. సోమవారం నువ్వు వచ్చి ఇక్కడ చేరిపో. ఈలోగా నీ ఇంట్లో నీ నోట్లోకి ఏం పోతోందో కనుక్కో. ఇంకో వారం ఇట్లాగే నడిస్తే నేను హామీ ఇవ్వలేను."

తెర పక్కన నిలబడ్డ అచ్యుత్ హరిణి చేతిసంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

* * *

కారు కాడుగోడి దారిలో లారీల వెనక నత్తలా కదులుతోంది. హరిణి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ బరువుగా ఒత్తిగిల్లింది.

"అచ్యుత్, వంట చేసేది అత్తయ్య ఒక్కరే."

అతను అద్దంలోకి చూశాడు.

"ఆవిడ ఏమైనా కలుపుతున్నారా? పోయిన వారం బెల్లం డబ్బా నిండుగా ఉంది. ఇప్పుడు అడుగు కనిపిస్తోంది. నేను తినను. ఆవిడకీ షుగరే. నువ్వు తీపి ముట్టవు. మరి ఎవరు తింటున్నారు?"

తల్లిని అంత మాట అంటే కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండేది.

"ఏమో" అన్నాడు.

ముందు లారీ కదిలింది. అతను గేరు మార్చాడు.

వాళ్ళ ఫ్లాటులో పడగ్గది పక్కన ఇంకో గది ఉంది. అందులో చెక్క ఉయ్యాల ఉంది. ఆనేకల్‌లో మగ్గాలు నడిపిన అచ్యుత్ తండ్రి ఓబళప్ప, మొదటిసారి మనుమడో మనుమరాలో పుట్టబోతోందని దగ్గరుండి చేయించాడు. పట్టు పీలికలతో పరుపు కుట్టించాడు. పాప పోయిన ఏడే ఆయనా పోయాడు. ఉయ్యాలను తిప్పి పంపడానికి ఎవరికీ చేతులు రాలేదు. తలుపు మూసేశారు. హరిణి ఆ తలుపు దాటి లోపలికి వెళ్ళి చాలా కాలమైంది.

ఆ గదిలోంచి మోత వస్తుంది.

ఎప్పుడూ రాదు. హరిణి తిన్నాక వస్తుంది. ముద్ద మింగి, చేయి కడుక్కుని, పడగ్గదిలో మంచం మీద కాస్త నడుము వాల్చగానే, గోడ అవతల సన్నగా, చెక్కలో తుమ్మెద చిక్కుకున్నట్టు. కాసేపు మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. ఒక్కోసారి అది మోతలా ఉండదు. ముక్కు దిబ్బడవేసిన పసిబిడ్డ ఏడవలేక మూలుగుతున్నట్టు ఉంటుంది. తను తింటున్నంతసేపూ ఊరుకుని, తిన్నాక మూలుగుతుంది. నాకేదీ అని అడిగినట్టు.

ఒకసారి అచ్యుత్‌తో చెప్పింది. కింది వాళ్ళ వాషింగ్ మెషీన్ అన్నాడు. అత్తగారితో చెప్పలేదు. కడుపుతో ఉన్న కోడలు గోడలకు చెవులు ఆనిస్తోందని ఆవిడ ఆనేకల్ అంతా చెప్పుకోదు గానీ, దిగులు పడుతుంది.

* * *

శనివారం ఆఫీసులో పని ఉందని అచ్యుత్ పొద్దున్నే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఏదో చెప్పబోయినవాడిలా ఆగాడు. "మందులు వేసుకో" అని మాత్రం అని లిఫ్ట్ ఎక్కాడు.

మధ్యాహ్నం అత్తగారు నంజమ్మ ముద్ద వడ్డించింది. హరిణి ఆవిడ చేతుల్నే చూస్తూ కూర్చుంది. కంచంలో ఆకుకూరల సొప్పు సారు పోస్తున్న ఆ చేతులు తనకు జ్వరమొచ్చినప్పుడు కాళ్ళు పట్టిన చేతులు.

"ఏం మ్మా, నా చేతుల్లో ఏం కనబడతాంది? జాతకమా?" అంది నంజమ్మ.

"ఏం లేదత్తయ్యా."

"తిను మరి. సల్లారితే ముద్ద రాయైతాది. నా మొగుడు మగ్గం మీద నుంచి లేసొచ్చేలోపల ఎన్ని ముద్దలు రాళ్ళైనాయో. వాటితో గోడ కట్టుండొచ్చు."

హరిణి తిన్నది. నాలుకతో వెతుక్కుంటూ తిన్నది. ఎక్కడా తీపి తగల్లేదు.

చేయి కడుక్కుని వస్తుంటే నేల మీద చీమలు కనిపించాయి. ఎర్రచీమలు, సన్నని బారుగా, గోడ వారన పోతున్నాయి. వంటింట్లోంచి వస్తున్నాయి. కానీ వంటింట్లోకి కాదు వెళ్తున్నది. ఆ బారు ఉయ్యాల గది తలుపు కింద సందులోంచి లోపలికి దూరుతోంది.

హరిణి ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా గడియ తీసింది.

గదిలో మగ్గిన వాసన. కిటికీ తెరలు వేసి ఉన్నాయి. చీమలు ఉయ్యాల కాలు పట్టుకుని పైకెక్కి, పక్క చెక్క మీదుగా లోపలికి దిగుతున్నాయి. పట్టు పరుపు మీద, తల ఉండవలసిన చోట, అచ్చు బెల్లం ముక్క ఒకటి ఉంది. చీమలు దాన్ని ఎర్రగా కప్పేశాయి. పక్కన పాత ముక్కలు కరిగి అంటుకున్న మరకలు, ఒకదాని మీద ఒకటి.

"అత్తయ్యా."

నంజమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. కోడలి చేతిలో బెల్లం ముక్క చూసింది.

"ఇదేంటి?" హరిణి ఆ ముక్కను ఆవిడ ముందుకు చాపింది. "నిన్న డాక్టర్ ఏమన్నారో తెలుసా? బిడ్డ పొట్ట ఉబ్బుతోందన్నారు. నా తిండిలో ఎవరో తీపి కలుపుతున్నారన్నట్టే మాట్లాడారు. ఇక్కడ దాచి నా ముద్దలో కలుపుతున్నారా?"

"నేనా?" నంజమ్మ అర్థంకానట్టు చూసింది. "నీ ముద్దలో బెల్లమా? ఏం మాట్లాడతాండావమ్మా? సక్కెర జబ్బు నాకు ఉండాది. దాని సంగతి నాకు తెలీదా? నా అక్క కాలు తీసేసిండ్లా దీనితో?"

"మరి ఇది ఎవరికి?"

ఆవిడ లోపలికొచ్చి ఉయ్యాల అంచు పట్టుకుంది. అలవాటు చొప్పున ఒకసారి ఊపి, ఏం చేస్తోందో తెలిసి ఆపేసింది.

"మా ఇంట్లో బిడ్డ పుడితే పెద్దోళ్ళు బెల్లంనీళ్ళు నాలిక్కి తాకించాల. అప్పుడే అది మా బిడ్డ. మా అత్త అచ్యుతకి తాకించింది. పాప పుట్టేపొద్దు నేను గ్లాసులో కలుపుకోని ఆస్పత్రి వరండాలో నిలబడుంటి. నిలబడే ఉంటి. ఆ గ్లాసు అట్లే పట్టుకోని ఇంటికొస్తిని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దాని నాలిక్కి తీపి తగల్లేదు గదమ్మా. అది అడగను రాదా? దాని వంతు దానికి పెడితే, ఈ బిడ్డ జోలికి రాదని..."

"అడగను వస్తోందని మీకెవరు చెప్పారు?"

"నీకు వినిపించలేదా?" నంజమ్మ గొంతు తగ్గించింది. "నువ్వు తిన్నాక మూలుగుతాది. ఈ గదిలోనే. నేను ఎన్నిసార్లో విన్నా. నీకు చెప్తే బెదురుతావని నోరు మూసుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ గోడకు చెరో పక్కన నిలబడి ఇద్దరూ ఒకే మూలుగు విన్నారు. ఎదుటివాళ్ళు భయపడతారని ఎవరికి వారే దాచుకున్నారు. హరిణి చేతిలోని బెల్లం ముక్కను మెల్లగా తీసిన చోటే పెట్టింది.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"అదంతా యాల? నీ బిడ్డకోసరం నువ్వు అడిగితివి. అడగాల." నంజమ్మ కొంగు బిగించింది. "ఏదీ, వేలు చూపించు. నా మిషన్ తెస్తా. ముసలి మిషనే గానీ నా మాదిరే, మొహమాటం లేకుండా చెప్తాది."

పడగ్గదిలో మంచం మీద కూర్చుని, అత్తగారి పాత మీటరు సూదితో హరిణి వేలు గుచ్చుకుంది. చీటీ మీద రక్తం చుక్క పెట్టింది. మీటరు కాసేపు ఆలోచించి అంకె చూపించింది.

నూటతొంభై ఒకటి.

హరిణి తన ఫోన్ తీసింది. నూటముప్పై ఆరు. పక్కన ఆకు పచ్చగా నవ్వుతోంది.

"పాత చీటీ ఏమో" అంది నంజమ్మ, అనుమానంగా. "ఇంకో వేలు."

ఇంకో వేలు గుచ్చారు. నూటఎనభై ఎనిమిది. నంజమ్మ తన వేలూ గుచ్చుకుని చూసుకుంది. "నాది పొద్దున లాబులో ఎంత చెప్పినారో అటూ ఇటూగా అంతే ఉండాది. మిషన్ సరిగానే ఉండాది మ్మా."

అప్పుడు గోడ అవతల మోత మొదలైంది.

నంజమ్మ చేయి హరిణి మోచేతిని పట్టుకుంది. సన్నగా, చెక్కలో తుమ్మెదలా. ఆగింది. మళ్ళీ మోగింది. పట్టపగలు, కింద వీధిలో కూరగాయల బండివాడు కన్నడంలో కేకలేస్తున్నాడు. స్టేషన్ వైపు రైలు కూసింది. ఆ రెండింటి మధ్య, గోడలోంచి, ఆ మూలుగు.

హరిణి లేచింది.

"పోవద్దు మ్మా."

"నా కూతురే కదా అత్తయ్యా" అంది హరిణి. "నన్నేం చేస్తుంది?"

ఉయ్యాల దగ్గరికి వెళ్ళేసరికి మోత చేతికి తగిలింది. చెక్క వణుకుతోంది. పరుపు అంచు మీద చీమలు చెల్లాచెదురయ్యాయి. హరిణి కళ్ళు మూసుకుని, పట్టు పరుపు కింద చేయి పెట్టింది. వెచ్చగా ఏదో తగిలింది. బిడ్డ అరచేయి అంత వెచ్చన. బయటికి లాగింది.

ఫోన్. కుడి మూల పగిలిన తన పాత ఫోన్. చార్జరు తీగ ఉయ్యాల కాలి వెనకగా గోడలోని ప్లగ్గుకు పోయింది.

అది చేతిలో ఇంకోసారి మోగింది. హరిణి వేలిముద్రను ఇంకా మరిచిపోలేదు, తెరుచుకుంది. సెన్సర్‌తో వచ్చిన అసలు యాప్. ఎర్రటి గడి. అందులో నూటఎనభై తొమ్మిది. కింద ఈ నెలంతా గీత. తిన్న ప్రతిసారీ కొండలా లేచింది. ఒక్కో కొండ ముందరి దానికన్నా ఎత్తు.

తన కొత్త ఫోన్‌లోని గీతను దాని పక్కన పెట్టింది. అవే కొండలు. కానీ ఒక ఎత్తు దాటిన ప్రతి కొండకూ తల లేదు. ఒకే కత్తితో కోసినట్టు, అన్నీ నూటనలభై దగ్గర హద్దు చూపే పచ్చరేఖకు కాస్త కిందే ఆగిపోయాయి.

అట్లా కొయ్యగలిగినవాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

నంజమ్మకు గీతలు అర్థం కాలేదు. కోడలి ముఖం అర్థమైంది.

"ఎవరిదమ్మా అది?"

హరిణి ముందు కిరణ్మయికి ఫోన్ చేసింది. తరువాత అచ్యుత్‌కు చేసింది.

"ఆస్పత్రికి రా" అంది. "ఉయ్యాలలోంచి ఫోన్ తీశాను."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. ఎన్నాళ్ళుగానో బరువు మోసినవాడు దించినట్టు.

* * *

హరిణి కడుపు చుట్టూ పట్టీ కట్టారు. బిడ్డ గుండె చప్పుడు గదంతా నిండింది. తడిబట్టను రాయి మీద వేసి తొందర తొందరగా ఉతుకుతున్నట్టుంది. నంజమ్మ గోడవారన స్టూలు మీద కూర్చుని ఆ చప్పుడునే వింటోంది. ఎక్కడైనా తడబడుతుందేమోనని ఊపిరి కూడా చిన్నగా తీస్తోంది.

అచ్యుత్ గుమ్మంలోకి వచ్చాడు. ఎవరూ కూర్చోమనలేదు.

కిరణ్మయి రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"ఆరో నెల దాటాక మావి పెరిగే కొద్దీ ఇన్సులిన్ పని చెయ్యడం తగ్గుతుంది. మేం మోతాదు పెంచుకుంటూ పోవాలి. నువ్వు పంపిన అంకెలు చూసి నేను పెంచలేదు. ఆ డోసు చాలని రాసింది నా చెయ్యి." ఆవిడ పాత ఫోన్‌ను తన వైపు జరుపుకుంది. "దాని సంగతి నేను తరువాత చూసుకుంటాను. ఇప్పుడు నాకొకటి తెలియాలి. ఈ బిడ్డను ఇంకొన్నాళ్ళు కడుపులో ఉంచి చక్కెర దించాలా, ముందే బయటికి తియ్యాలా అన్నది ఈ సాయంత్రం తేల్చాలి. ఈ పాత ఫోన్‌లో ఈ నెల గీతే ఉంది. బిడ్డ ఆ తీపిలో ఎన్నాళ్ళు మునిగిందో తెలియకుండా నేను తేల్చలేను. ఎప్పట్నుంచి?"

అచ్యుత్ తల్లి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. భార్య వైపు చూశాడు. ఆమె తిప్పుకోలేదు.

"చెప్పు" అంది హరిణి. "బిడ్డకు అర్థమయ్యేట్టు చెప్పు."

అచ్యుత్ చెప్పాడు.

"ఆరో నెల మొదట్లో, నువ్వు బాత్రూంలో పడిపోయిన రోజు నుంచి. ముందు రోజు మధ్యాహ్నం నీకు నూటఅరవై చూపించింది. నువ్వు ఆ రాత్రి తినలేదు, మర్నాడు తినలేదు. తింటే ఈ బిడ్డనూ చంపేస్తానేమోనన్నావు. స్పృహ తప్పి పడున్న నిన్ను ఎత్తుకున్నప్పుడు నీ ఒంట్లో బరువే లేదు. అంకె కనిపించకపోతే తింటుంది కదా అనుకున్నాను. ఆ రాత్రే రాశాను. నూటనలభై దాటితే దించి చూపించాలి. అంతే, చిన్న ప్రోగ్రాం. అసలు అంకెలు ఎక్కడో ఒకచోట ఉండాలని నీ పాత ఫోన్‌లో అసలు యాప్ ఉంచి, సెన్సర్‌కు అందేంత దగ్గరలో, ఎవరూ వెళ్ళరనుకుని ఆ ఉయ్యాలలో దాచాను. డాక్టర్‌కు మాత్రం అసలువే వెళ్ళాలనుకున్నాను, ఒట్టు. కానీ మీరు ఆ వారం కంప్యూటర్ తిప్పి తనకు చూపిస్తానన్నారు డాక్టర్. తెర తన వైపు తిరిగితే దొరికిపోతాను. అందుకని మీకూ కోసినవే పంపాను. ఒక్క వారమే అనుకున్నాను. ఆ వారం తను కడుపునిండా తిన్నది. నవ్వింది. ఇంకో వారం అనుకున్నాను. అంకెలు పెరుగుతున్నాయని నాకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను. రేపు చెబుదామని రోజూ అనుకున్నాను. పోయినసారి కూడా అంతే. హరిణికి గుర్తుండదు. ఆ ఆస్పత్రిలో పరీక్షకు గ్లూకోజు నీళ్ళు తాగి వాంతి చేసుకుంది. వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు. నాతోనే చెప్పారు. తను నీరసంగా ఉందని నేనే వద్దన్నాను, పోనీలే అన్నాను. మళ్ళీ తీసుకెళ్ళలేదు. పాప బుగ్గలు చూసి అందరూ పుష్టిగా ఉందంటుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. ఎవరికీ చెప్పలేదు. నిన్న కారులో నువ్వు అమ్మను అనుమానిస్తే 'ఏమో' అన్నాను. అమ్మ ఆ ఉయ్యాలలో బెల్లం పెడుతోందని నాకు తెలుసు, ఫోన్ సర్దడానికి వెళ్ళినప్పుడు చేతికి అంటుకునేది. కడుక్కుని వచ్చి నీ పక్కన కూర్చునేవాణ్ణి. అసలు అంకెలన్నీ నా కంప్యూటర్లో ఉన్నాయి డాక్టర్, మొదటి రోజు నుంచి, ఒక్కటీ చెరపలేదు, ఇప్పుడే తెరిచి ఇస్తాను. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఫోన్ చక్కెర పెరిగినప్పుడల్లా మోగేది. మీరిద్దరూ దాన్ని విని భయపడుతున్నారని నాకు తెలుసు. శబ్దం తీసేశాను కానీ వణకడం తియ్యలేదు. తియ్యడం రాక కాదు. ఒక్క బటన్. ఎన్నోసార్లు వేలు దాని మీదే పెట్టాను. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి చూస్తారని వదిలేశాను."